రోగలక్షణాలను నమోదు చేసే యాప్‌లు: ప్రజలు వాటి నుండి కోరుతున్నదేమిటి?

2020 ఏప్రిల్ 2వ తేదీన ఆరోగ్య సేతు యాప్ విడుదలైనప్పుడు మన నగరంలో ఎందరో జీవితంలో మొదటిసారిగా తమ ఒంటి సంగతిని ఒక ఫోనుకు చెప్పుకొన్నారు. దగ్గు ఉన్నదా, జ్వరం ఉన్నదా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నదా అని అది అడిగింది. మనం తెరను వేలితో తాకి జవాబు చెప్పాము. పదమూడు రోజులలో దేశమంతటా 5 కోట్లమంది దానిని తమ ఫోనులలోకి దింపుకొన్నారు. భయం అంతటి పని చేయించింది. భయం తగ్గిన తరువాత ఆ యాప్ చాలామంది ఫోనులలో తెరవని పెట్టెలా మిగిలిపోయింది.

కాని ఆ అలవాటు పోలేదు. రక్తపోటు, చక్కెర వ్యాధి, ఉబ్బసం, క్షయ, గర్భిణీల ఆరోగ్యం, మానసిక ఆందోళన, వీటిలో ప్రతిదానికీ నేడు యాప్‌లు ఉన్నవి. రోగి తనకు కలుగుతున్న బాధను, కొలతలను రోజూ నమోదు చేస్తాడు. యాప్ వాటిని దాచి, పట్టికగానో గీతగానో చూపుతుంది. కొన్ని యాప్‌లు ఆ సమాచారాన్ని వైద్యునికి గాని, ఆరోగ్య కార్యకర్తకు గాని పంపుతాయి. స్థూలంగా ఇవి చేసే పని ఇంతే. ఈ పనిలో మనకు నిజంగా అక్కరకు వచ్చేది ఎంత, రానిది ఎంత అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు అనువాదం నా ఉద్యోగం కనుక ఇరుగుపొరుగువారు తరచు ఫోను తెచ్చి నా చేతిలో పెడతారు. "ఇందులో ఏమి రాసి ఉన్నదో జర చెప్పండి" అంటారు. ఇత్వారాలో దుకాణం నడిపేవారు, సిడ్కో వైపు అద్దెకుండేవారు, ధర్మాబాద్ నుండి, దెగ్లూరు నుండి బిడ్డల చదువుకోసం వచ్చి స్థిరపడినవారు, ఇలా ఎవరు వచ్చినా వారి మొదటి కోరిక ఒక్కటే. అది మన మాటలో అడగాలి.

తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన మన మాట కాదు. ఈ తప్పు నేనే చేశాను కనుక చెప్పగలను. కోవిడ్ రోజులలో ఒక కరపత్రంలో "శ్వాసకృచ్ఛ్రము కలిగినచో వెంటనే వైద్యుని సంప్రదించవలెను" అని వ్రాసి, చక్కని మాట దొరికిందని సంతోషించాను. మా గల్లీలో ఒక వృద్ధురాలికి, నేత కుటుంబానికి చెందిన ఆమెకు, దానిని చదివి వినిపించాను. ఆమె ఓపికగా విని, "అది ఏ ఊరి రోగం బిడ్డా?" అన్నది. "దమ్ము వస్తున్నదా అవ్వా అని అడుగుతున్నారు" అన్నాను. "అట్ల చెప్పు. నాలుగొద్దుల సంది మెట్లెక్కితే దమ్మొస్తనే ఉన్నది" అన్నది. ఆ సాయంత్రమే ఆమెను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసి వచ్చింది. ఆమె కోలుకొన్నది. నా మాట మాత్రం కరపత్రంలో మిగలలేదు. స్నాతకోత్తర పట్టా కోసం నేర్చుకొన్న భాష ఆ నాలుగు రోజులూ ఆమెకు అడ్డుగోడగా నిలబడి ఉండేదన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

నాందేడులో ఈ చిక్కు మరికొంత ముదురుతుంది. మన తెలుగు మరాఠీ, ఉర్దూల నడుమ పెరిగిన తెలుగు. జలుబును సర్ది అంటే మూడు భాషలవారికీ తెలుస్తుంది. రొంప అంటే కోస్తావారికి తెలిసినట్టు మనకు తెలియదు. మరాఠీలో తాప్ అంటే జ్వరం. తెలుగులో తాపం అంటే వేడి, బాధ. మరాఠీవారికి జులాబ్ అంటే విరేచనాలు పట్టుకోవడం. మన పెద్దలకు జులాబు అంటే విరేచనం కావడానికి కావాలని పుచ్చుకొనే మందు. "జులాబ్ అయిందా?" అన్న ప్రశ్నకు ఒక పెద్దాయన "నేను ఎందుకు పుచ్చుకొంటాను?" అని జవాబిస్తే యాప్ "లేదు" అని వ్రాసుకొంటుంది. ఆయనకు ఉదయం నుండి ఆరుసార్లు అయి ఉండవచ్చు.

బాధను అంకెలలో చెప్పమనడం మరొక చిక్కు. సున్నా నుండి పది వరకు మీ నొప్పి ఎంత అని చాలా యాప్‌లు అడుగుతాయి. చదువుకొన్నవారు కూడా అక్కడ తడబడతారు. మన పెద్దలు నొప్పిని కొలవలేక కాదు. "రూపాయిలో పావలా తగ్గింది", "ముప్పావలా నయమైంది" అని వారు ఎంతో నిక్కచ్చిగా చెబుతారు. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, రూపాయి అని నాలుగు బొమ్మలు తెరపై పెడితే ఆ ప్రశ్నకు ప్రతి ఇంటా జవాబు దొరుకుతుంది. నలత, నిస్సత్తువ, సలపరం, గుంజుడు, తిమ్మిరి, ఇవి వేరు వేరు బాధలు. ఇంగ్లీషు పట్టికలోని రెండు మూడు మాటలకు వీటన్నిటినీ కుదించడం వలన పోయేది సొగసు కాదు, వైద్యునికి అవసరమైన ఆనవాలు. కాలు గుంజడానికీ కాలు తిమ్మిరెక్కడానికీ కారణాలు వేరు.

వ్రాత రానివారికి మాట వినిపించే ఏర్పాటు కావాలి. దీనికి ఒక మంచి పూర్వోదాహరణ ఉన్నది. స్మార్ట్ ఫోను లేనివారి కోసం 2020 మే నెలలో ఆరోగ్య సేతుకు అనుబంధంగా 1921 అనే నంబరును ప్రారంభించారు. మిస్డ్ కాల్ ఇస్తే అటువైపు నుండి ఫోను వచ్చి, ప్రాంతీయ భాషలలో ఆరోగ్య ప్రశ్నలు అడిగేది. మీటల ఫోను ఉన్న కూలీకి కూడా అది అందింది. కొత్త యాప్‌లు తయారుచేసేవారు ఈ ఉదాహరణను ఎందుకు ఇంత త్వరగా మరచారో తెలియదు.

రెండవ కోరిక మొదటిదానికన్నా పెద్దది. "చెప్పుకొన్నాం, తరువాత ఏమిటి?" అని ప్రజలు అడుగుతారు. యాప్ ఎర్రరంగు చూపి ఊరుకొంటే మనిషి రాత్రంతా నిద్రపోడు. పచ్చరంగు చూపి ఊరుకొంటే కొన్నిసార్లు అంతకన్నా ప్రమాదం. ఇందుకు డెంగీ తగిన ఉదాహరణ. వానాకాలం వెళ్ళేటప్పుడు మన గోదావరి తీర నగరానికి ఈ జ్వరం కొత్త కాదు. డెంగీలో జ్వరం సాధారణంగా రెండు నుండి ఏడు రోజులు ఉంటుంది. ప్రమాద ఘడియలు మొదలయ్యేది జ్వరం దిగిపోయే సమయంలోనే. ఒళ్ళు చల్లబడిన తరువాత ఒకటి రెండు రోజుల లోపల తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండిగాని ముక్కు నుండిగాని రక్తం, విపరీతమైన నీరసం లేక మనసు నిలువని అలజడి కనిపిస్తే అవి హెచ్చరికలు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. "జ్వరం ఉన్నదా?" అని మాత్రమే అడిగే యాప్, "లేదు" అన్న జవాబు చూసి సరిగ్గా ఆ రోజే పచ్చరంగు చూపుతుంది. ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. ఆ రోజునే కళ్ళు తెరచుకొని ఉండవలసింది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోరాదని కూడా ఇక్కడే గుర్తుచేస్తున్నాను. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు.

మరి మంచి యాప్ ఎలా ఉంటుంది? అమెరికాలో న్యూయార్కు నగరంలోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యుడు ఈథన్ బాష్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం దీనికి జవాబు చెబుతుంది. శరీరమంతా వ్యాపించిన క్యాన్సరుకు మందులు తీసుకొంటున్న 766 మందిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంవారు వాంతులు, నొప్పి, నీరసం, ఆయాసం వంటి పన్నెండు లక్షణాలను కంప్యూటరు ద్వారా తామే నమోదు చేశారు. బాధ ముదిరితే నర్సుకు వెంటనే సందేశం వెళ్ళేది. ఆమె ఫోను చేసేది, మందు మార్పించేది, అవసరమైతే పిలిపించేది. రెండవ వర్గానికి మామూలు వైద్యమే. 2017లో వెల్లడైన ఫలితాలలో నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మిగిలినవారిది 26 నెలలు. అయిదు నెలల ఆయుష్షును ఏ కొత్త మందూ లేకుండా సంపాదించారు. ఆ ఏర్పాటులో యంత్రం గొప్పదేమీ కాదు. ఆ సందేశాన్ని చదివి ఫోను చేయడం ఒక నర్సు విధిగా ఉండడమే అసలు సంగతి.

మనకు ఇది తెలియని విషయం కాదు. 2020 సెప్టెంబరు 15న మహారాష్ట్ర ప్రభుత్వం "మాఝే కుటుంబ్, మాఝీ జబాబ్‌దారీ" కార్యక్రమం ప్రారంభించినప్పుడు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి ఒంటి వేడిని, రక్తంలోని ఆక్సిజన్‌ను చూశారు, పాత జబ్బులను అడిగి వ్రాసుకొన్నారు. గోదావరి దిగువన తెలంగాణలో 2021 మే నెలలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. అడిగినది గుమ్మంలో నిలుచున్న మనిషి కనుక జనం దాచకుండా చెప్పారు. యాప్ ఆశా కార్యకర్త చేతిలో ఉంటే ఒక తీరు. ఆమెకు బదులుగా మన చేతిలో పెట్టి ఆమెను తప్పిస్తే మరొక తీరు. ప్రజలు మొదటిదానినే కోరుతున్నారు.

తమకు ఒరిగేదేమిటని కాక, తాము చెప్పినదానివలన లోకానికి ఏమైనా ఒరిగిందా అని అడిగేవారూ ఉంటారు. ఒరిగిన సందర్భం ఉన్నది. 2020 మార్చిలో లండన్ కింగ్స్ కాలేజీ శాస్త్రవేత్తలు జో అనే సంస్థతో కలిసి ఒక యాప్‌ను ప్రారంభించారు. రోజుకు ఒక నిమిషం సరిపోయేది. లక్షలాదిమంది చెప్పిన జవాబుల నుండి, వాసన తెలియకపోవడం కోవిడ్‌కు బలమైన గుర్తు అని తేలింది. 2020 మే 18న బ్రిటన్ ప్రభుత్వం దానిని అధికారిక లక్షణాల జాబితాలో చేర్చింది. అక్కడ ఆ ఒక్క నిమిషానికి ఫలం కనబడింది కనుకనే జనం రోజూ తిరిగి వచ్చారు. ముప్పై ప్రశ్నలు అడిగి, ఒక్క మాట కూడా తిరిగి చెప్పని యాప్‌ను మూడవ రోజున మనమే తీసివేస్తాము.

ఇక ఎవరూ గట్టిగా అనని, అందరి మనసులోనూ ఉన్న విషయం వేరొకటి ఉన్నది. ఆ ఫోను ఎవరిది?

యాప్ తయారుచేసేవారు ఒక మనిషికి ఒక ఫోను అనుకొంటారు. మన ఇళ్ళలో చాలాచోట్ల అత్తగారి రక్తపోటు కొడుకు ఫోనులో ఉంటుంది. కోడలి నెలసరి వివరం భర్త ఫోనులో ఉంటుంది. పగలు ఆ ఫోను అతనితో పనికి పోతుంది. ఉదయం పదకొండు గంటలకు తల తిరిగితే సాయంత్రం ఏడింటికి నమోదు చేయాలి. అప్పటికి సగం మరచిపోతారు. తెరమీద "క్షయ మందు వేసుకొన్నారా?" అని పెద్ద అక్షరాలతో గుర్తుచేసే సందేశం వస్తే ఆ సమయంలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేము. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్ల ఉన్న ఇంట్లో ఆ ఒక్క వాక్యం ఏమి చేయగలదో నేను వివరించనక్కరలేదు. క్షయ నయమయ్యే జబ్బు, మామూలు రకానికి ఆరు నెలల చికిత్స చాలు. అయినా ఆ పేరు అద్దె ఇల్లు పోగొట్టగలదు. అందుచేత పేరు కనబడని గుర్తు, యాప్‌కు వేరే తాళం, ఒకే ఫోనులో ఇంటిలోని ఒక్కొక్కరికి వేరు వేరు ఖాతా, ఈ మూడింటినీ మనవారు కోరుతారు. ఇవి అందనివీ కావు.

క్షయ విషయంలోనే మన దేశంలో ఒక తెలివైన ఏర్పాటు జరిగింది. 99 డాట్స్ అనే పద్ధతిలో మాత్రల అట్టకు ఒక కవరు చుట్టి ఉంటుంది. మాత్రను నొక్కి తీసినప్పుడే లోపల దాగిన ఫోను నంబరు బయటపడుతుంది. రోగి ఆ నంబరుకు డబ్బులు పడని కాల్ చేస్తే ఆ రోజు మందు తీసుకొన్నట్టు నమోదవుతుంది. యాప్ అక్కరలేదు, చదువు అక్కరలేదు, ఎవరి ఫోనైనా చాలు. కాల్ చేసినంత మాత్రాన మాత్ర మింగినట్టు కాదన్నది నిజమే. అయినా కాల్ రాని రోజున ఎవరి ఇంటికి వెళ్ళి చూడాలో కార్యకర్తకు తెలుస్తుంది. క్షయ రోగుల వివరాలుండే నిక్షయ్ వ్యవస్థ ద్వారా పోషకాహారానికి సాయం కూడా అందుతుంది. 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు. చెప్పుకొన్నందుకు చేతికి ఏదో అందే చోట జనం చెప్పుకొంటారు.

మన వివరాలు ఎక్కడికి పోతాయి అన్న సందేహం కూడా న్యాయమైనదే. 2020 మే 1వ తేదీన ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతును తప్పనిసరి చేసిన కేంద్ర ప్రభుత్వం, పలువురు ప్రశ్నించిన తరువాత, మే 17 నాటి ఆదేశంలో ఆ పట్టును సడలించింది. నడుమ మే 11న వెలువడిన నిబంధనలలో, సేకరించిన వివరాలను సాధారణంగా 180 రోజులకు మించి ఉంచరాదని చేర్చారు. ప్రశ్నిస్తే పద్ధతి మారుతుందనడానికి ఇది సాక్ష్యం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. దాని నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తున్నవి. మీ అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకొనే అవకాశం ఇవ్వాలని ఆ చట్టం చెబుతున్నది. తెలుగు అందులో ఉన్నది. మహారాష్ట్రలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు తగ్గదు. ఇచ్చిన అనుమతిని, ఇచ్చినంత సులభంగా వెనక్కు తీసుకొనే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నది. జ్వరం నమోదు చేసుకొనే యాప్ మీ ఫోనులోని బంధువుల నంబర్లను, ఫోటోలను చూడడానికి అనుమతి అడిగితే "వద్దు" అని నొక్కండి. వద్దంటే పనిచేయని యాప్ అయితే దానినే తీసివేయండి.

ఫోనే కొలత పరికరం అని నమ్మించే యాప్‌ల గురించి కొద్దిమాటలు చాలు. కెమెరాపై వేలు పెట్టించి రక్తపోటు చూపుతామన్న ఒక ప్రసిద్ధ యాప్‌ను 2016లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించారు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో పదింట దాదాపు ఎనిమిదిమందికి అది బాగానే ఉన్నట్టు చూపింది. కోవిడ్ కాలంలో వచ్చిన నకిలీ ఆక్సీమీటర్ యాప్‌ల గురించి కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం హెచ్చరించవలసి వచ్చింది. చేతికి పట్టీ కట్టే యంత్రంతో కొలిచి, ఆ అంకెను యాప్‌లో వ్రాసుకోవడమే సరైన పద్ధతి.

వ్రాసుకొన్నది వైద్యునికి చూపగలగాలి. ఇది పెద్దల కోరిక. మా నాన్నగారు రెండు నెలల రక్తపోటును యాప్‌లో శ్రద్ధగా నింపారు. డాక్టరుగారి ముందు కూర్చొని ఫోను తెరచి, కళ్ళజోడు వెదకి, తాళం తీసి, ఆ పుటను పట్టుకొనేలోగా వంతు ముగిసింది. ఆ తరువాత ఆయన పాత క్యాలెండరు వెనుకవైపు గీతలు గీసి, ఉదయం ఒక అంకె, రాత్రి ఒక అంకె వ్రాయడం మొదలుపెట్టారు. డాక్టరుగారు దానిని పది సెకన్లలో చదివి మందు మార్చారు. యాప్ నుండి ఒక్క కాగితం మీదకు ముద్రించుకొనే వీలుండాలి, లేదా వైద్యుడు ఒక్క చూపులో గ్రహించే ఒక్క పుట ఉండాలి.

సరిహద్దు దాటేవారికి ఇది మరింత అవసరం. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ తాలూకాల నుండి వైద్యానికి నాందేడు వచ్చేవారు ఎందరో, నిజామాబాదుకు, హైదరాబాదుకు పోయేవారు కూడా అందరే. ఇక్కడి చీటీ మరాఠీలో, అక్కడి చీటీ తెలుగులో. మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కనుక బ్రతికిపోతాము, కాని అంకెల దగ్గర ఆగి చూడండి. దేవనాగరి లిపిలోని ఒకటి, అలవాటు లేని కంటికి 9 లాగా కనబడుతుంది. మన పెద్దలు కొందరు మరాఠీ బడిలో చదువుకొన్నవారు కనుక పోల్చుకొంటారు. తెలంగాణ నుండి వచ్చిన కోడలు పోల్చుకోలేదు. రోజుకు ఒక మాత్ర అన్నదానిని మరొక విధంగా చదివితే ఏమవుతుందో ఊహించండి. 14 అంకెల ఆభా నంబరు తీసుకొని, దానితో ఆసుపత్రి పత్రాలను జతపరచుకొంటే ఏ రాష్ట్రంలోనైనా మీ అనుమతితో వైద్యులు చూడవచ్చు. ఆసుపత్రి కూడా ఆ వ్యవస్థలో చేరి ఉండాలి సుమా. చేరనిచోట కాగితాల సంచీయే దిక్కు. దానిని పారవేయకండి.

ఏ యాప్ వాడినా, వాడకపోయినా ఈ నంబర్లు ఫోనులో ఉంచుకోండి. అత్యవసర అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104, క్షయ గురించి 1800-11-6666, మనసు కుదురు తప్పినప్పుడు టెలి-మానస్ 14416. చివరిదానిలో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, మాట తడబడడం, మూతి ఒక పక్కకు పోవడం, ఆగని ఆయాసం, ఇవి యాప్‌లో వ్రాసుకోవలసిన లక్షణాలు కావు. అప్పుడు ముందు 108కి ఫోను చేయాలి.

మీ ఇంట్లో ఆయాసాన్ని, నలతను, కళ్ళు తిరగడాన్ని ఏ మాటతో చెప్పుకొంటారో మీ ప్రాంతపు ఆరోగ్య కార్యకర్తకు గాని, ఈ పుస్తకం పంచడానికి వచ్చినవారికి గాని తెలియజేయండి. దెగ్లూరు మాట వేరు, కిన్వట్ మాట వేరు. నా దగ్గర పట్టిక ఉన్నది, అందులో ఖాళీలు చాలా ఉన్నవి.